బాపు మాట్లాడుతున్నంతసేపు

మా తండాలో అమ్మను యాడి అంటాం. యాడి వేసుకునే కాంచళికి ముందువైపంతా అద్దాలు, రంగు దారాల కుట్టు ఉంటాయి. వెనక వీపు ఖాళీ, కట్టుకోవడానికి తాళ్ళు మాత్రమే. ఆ తాళ్ళు ఎవరికి వాళ్ళు కట్టుకోలేరు. అందుకని పొద్దున స్నానాలయ్యాక మా ఆడవాళ్ళు ఒకరికొకరు వీపు అప్పగించి నిలబడతారు. కూతురు ఇంట్లో ఉంటే ఆ పని కూతురిదే.

నేను రఘునాథపల్లిలో టీచర్ని. ఆ ఏడాది తెలంగాణ కోసం బడులు మూసి సమ్మెలో కూర్చున్నాం. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. టెంటు కింద కూర్చుని పాటలు పాడీ పాడీ గొంతు పోయాక, యాడి దగ్గరికి పోదామనిపించి కొత్తగూడ వైపున్న మా తండాకు బయల్దేరాను. మహబూబాబాద్ దాకా రైలు, అక్కడినుంచి దొరికిన ఆటో, ఆటో ఆగిపోయాక నడక. ఇంటికి చేరేసరికి బాపు లేడు. భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసే మా తమ్ముడికి కొడుకు పుడితే చూడ్డానికి పోయి, బస్సులు బందై అక్కడే చిక్కుకుపోయాడు.

మర్నాడు పొద్దున యాడి వీపు వెనక నిలబడి తాడు బిగించాను. ఆమె ఉలిక్కిపడింది.

"జర ఒదులు కట్టు."

"ఎందుకు?"

"అద్దం ఒత్తుకుంటుంది."

కాంచళిని తిప్పి చూశాను. అద్దాలన్నీ మెత్తటి గుడ్డమీదే ఉన్నాయి, లోపలికి పొడుచుకొచ్చింది ఒక్కటీ లేదు. నాకు కోపం తొందరగా వస్తుంది, మా ఇంట్లో అందరూ ఆ మాటే అంటారు. ముందుకొచ్చి నిలబడి, "నిజం చెప్పు" అన్నాను. యాడి మొహం పక్కకు తిప్పుకుంది. నేనే చెయ్యి పెట్టి చూశాను. ఎడమ రొమ్ములో, చంకకు దగ్గరగా, రేగుపండంత గడ్డ తగిలింది.

బడిలో పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పేదాన్ని నేను. గడ్డ అంటే ఏమేం కావచ్చో పుస్తకంలో చదివినదంతా ఒక్కసారే గుర్తొచ్చింది, అందులో మంచిది మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఎప్పటినుంచి?"

"పత్తి గింజలు పెట్టినప్పటినుంచి."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పాలె? అద్దమే అనుకున్న. ఒకటి కాంచళి మార్చిన, ఇంకోటి మార్చిన. పోలేదు."

పక్కింట్లో ఉండే పెద్దమ్మ, అంటే మా బాపు అన్న భార్య, నా గొంతు విని వచ్చింది. ఆమె భర్త పోయి రెండేళ్ళు దాటింది. అప్పటినుంచీ మాటలు తగ్గించేసిన మనిషి. గుమ్మంలోనే నిలబడి సంగతంతా విని, "తీస్కపో బిడ్డా. ఆగకు. వాళ్ళేం జేస్తరో, ఎట్ల జూస్తరో వచ్చినంక నాకు జెప్పు" అంది. యాడి వద్దంటే వద్దంది. పెద్దమ్మే లోపలికొచ్చి చీర సంచిలో యాడి బట్టలు సర్దింది.

మహబూబాబాద్‌లో దొరికిన డాక్టరు మగాయన. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. కాంచళి విప్పమనగానే యాడి లేచి బయటికి నడిచింది. వెనకాలే పరుగెత్తాను. వరండాలో ఉన్న జనమంతా మమ్మల్నే చూస్తున్నారు.

"సస్తే సస్త గని, మొగోనికి సూపియ్య."

నడిబజారులో ఆమెను తిట్టాను. తిట్టి నేనే ఏడ్చాను. జనగామలో ఒక లేడీ డాక్టరు ఉందని మా బడిలో ఎవరో చెప్పగా విని ఉన్నాను. స్టేషన్లో రైలు వస్తుందో రాదో చెప్పగలిగేవాళ్ళు లేరు. ముందరి స్టేషన్లో పట్టాలమీద జనం కూర్చున్నారట. ఆ పట్టాలమీద నేనూ కూర్చున్నాను, నినాదాలిచ్చాను, మళ్ళీ పిలిస్తే మళ్ళీ కూర్చుంటాను. కానీ ఆ మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీద యాడి పక్కన కూర్చుని, వాళ్ళు లేచిపోతే బాగుండునని మనసులోనే దండం పెట్టుకున్నాను. ఒకే మనిషిలో రెండు కోరికలు ఇట్లా కొట్టుకుంటాయని అంతకుముందు నాకు తెలియదు.

ఎట్లాగో రఘునాథపల్లి చేరి, నా గదిలో పడుకుని, మర్నాడు జనగామ వెళ్ళాం. ఆస్పత్రి చిన్నది, అద్దె ఇల్లు. ఊరేగింపు వస్తోందని షట్టరు సగం దించి ఉంచారు. వంగి లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ మాట వినగానే యాడి నా చెయ్యి గిల్లి మా భాషలో గొణిగింది. అందులో ఆంధ్రా అన్న ఒక్క మాట డాక్టరమ్మకు అర్థమైంది.

"అవునమ్మా, మాది గుంటూరు వైపు. మీ జబ్బుకి ఆ సంగతి తెలీదు కదా, ఒకసారి చూడనివ్వండి" అంది నవ్వుతూ.

నవ్వకుండా ఉండలేకపోయాను. యాడి నవ్వలేదు.

డాక్టరమ్మ ముందు చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడించింది. గడ్డ ఎప్పుడు చూసుకున్నారు, పెరిగిందా, నెలసరి ముందు నొప్పి పెరుగుతుందా, చనుమొన నుంచి నీరు గానీ రక్తం గానీ వస్తుందా, పిల్లలకు ఎన్నాళ్ళు పాలిచ్చారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా. ఆ చివరిదానికి యాడి "ఎవలకి లేదు" అంది. నేను మధ్యలో ఉండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతున్నాను. చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి కదా, తల్లితో. అవి కూడా చెప్పాను.

తర్వాత తెర లాగి, మంచం అంచున కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమని ముందు ఊరికే చూసింది. చెయ్యి వెయ్యలేదు. చేతులు నడుము మీద పెట్టి గట్టిగా అదమమంది. చర్మం ఎక్కడైనా లోపలికి లాగుతోందా, రెండూ ఒక్క తీరుగా ఉన్నాయా అని చూస్తున్నానని నాకు చెప్పింది. ఆమె చెబుతుంటే నేనూ చూశాను. తాను పాలు తాగిన చోటును పరీక్షకు వచ్చిన ఇన్‌స్పెక్టర్‌లా చూడాల్సిన గతి ఏ కూతురికీ రాకూడదు.

పడుకోబెట్టాక మొదట కుడివైపు, అంటే బాగున్న వైపు మొదలుపెట్టింది. మామూలుగా ఎట్లా ఉంటుందో వేళ్ళకు తెలియాలట. మూడు వేళ్ళు ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, మెల్లగా చోటు మార్చుకుంటూ పోయింది. ఎడమవైపు గడ్డ దగ్గరికొచ్చాక ఆగింది. రెండు వేళ్ళ మధ్య పట్టి అటూ ఇటూ జరిపింది.

"చూడండి టీచరుగారూ, నున్నగా ఉంది, కదులుతోంది. కదలడం మంచి సూచనే. అయితే చంకలో కూడా చూడకుండా ఏమీ చెప్పను."

అక్కడే పని ఆగిపోయింది. మా ఆడవాళ్ళకు పెళ్ళినాడు మోచేతి పైన దంతంలాంటి గట్టి తెల్లటి గాజులు వేస్తారు. కింద చిన్నవి, పైకి పోనుపోను పెద్దవి, భుజం దాకా. యాడికి చిన్నతనంలో వేసినవి. చెయ్యి లావెక్కాక పైవి నాలుగైదు కండలో ఇరుక్కుని, దాదాపు చంకలోకి దూరి ఉన్నాయి. డాక్టరమ్మ వేళ్ళు లోపలికి పోవడం లేదు. సబ్బు రాసి చూశారు. జరగలేదు.

"పైనున్నవాటి వరకు కోసేద్దాం. కొత్తవి వేసుకోవచ్చు" అంది డాక్టరమ్మ.

నేనది యాడికి చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేకుండా ఆమెకు అర్థమైంది. లేచి కూర్చుని, కాంచళి గుండెలకు అదుముకుంది.

మొగుడు పోయిన రోజునే ఆ గాజులు తీస్తారు. ఇంకే రోజూ తియ్యరు. కాన్పులకు తియ్యలేదు, టైఫాయిడ్ వచ్చి సెలైన్ ఎక్కించినప్పుడు తియ్యలేదు. డాక్టరమ్మకు విడమర్చి చెప్పాను. ఆమె విసుక్కోలేదు. "ఆయన్ని అడగండి" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

భూపాలపల్లికి ఫోన్ చేశాను. బాపుకు గడ్డ సంగతే తెలియదు. ఒక్క ఊపులో అంతా చెప్పేశాను. అవతల ఎవరో మైకులో మాట్లాడుతున్నారు.

"తియ్యనీ" అన్నాడు ఆ మోతలోనే. "నేను బతికే ఉన్న గద. తీస్తే ఏమైతది?"

ఫోన్ యాడికిచ్చాను. ఆమె చెవికి ఆనించుకుంది. "నువ్వు మాట్లాడుతనే ఉండాలె. నీ గొంతు ఇనవడుతున్నంత సేపే కొయ్యనిస్త. ఆపితే లేసిపోత" అంది.

పక్కన వెల్డింగ్ షాపులో ఇనుము కోసే ఆక్సాబ్లేడు దొరికింది. నర్సు దాన్ని ముట్టుకోలేదు. "నాకూ మొగడున్నడమ్మా, నేను కొయ్య" అని తప్పుకుంది. డాక్టరమ్మ చెయ్యి చాపితే యాడి తల అడ్డంగా ఊపి నావైపు చూసింది. గాజుకూ చర్మానికీ మధ్య మడిచిన గుడ్డ దూర్చి నేనే మొదలుపెట్టాను. ఫోన్ స్పీకరులో పెట్టి ఆమె దిండు మీద ఉంచాం.

బాపు మాట్లాడుతున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక మొదట్లో తడబడ్డాడు, తర్వాత దారిలో పడ్డాడు. బావి కార్మికులంతా రోడ్డుమీదే వంటలు చేస్తున్నారన్నాడు. పప్పులో చింతపండు ఎక్కువ పడిందన్నాడు. మనవడికి తన ముక్కే వచ్చిందన్నాడు, పాపం పిల్లగాడు అన్నాడు. డాక్టరమ్మ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంది. నా చేతులు చెమటకు జారుతున్నాయి. ఒక గాజు విరిగింది. రెండోది విరిగింది. యాడి కళ్ళు మూసుకుని ఆ గొంతునే వింటోంది.

మూడోది సగం కోశాను. ఫోన్లో గొంతు ఆగిపోయింది.

యాడి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో నా ఎముకలు నొక్కుకుపోయాయి. నేను బ్లేడు కదపలేదు. బయట ఊరేగింపు మా షట్టరు ముందు నుంచే పోతోంది. డప్పులు, నినాదాలు. ఆ మోతలో ఫోన్ పలికినా వినబడుతుందో లేదో. ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఏం జరుగుతుందో తెలిసేది కాదు. ఏ ఊరేగింపు మీద లాఠీలు లేస్తాయో తెలిసేది కాదు. చదువుకున్నదాన్ని, ఇట్లాంటివి నమ్మనిదాన్ని. అయినా నిజంగా అనుకున్నాను, ఈ బ్లేడుతో నేనే ఏదో చేశానని.

"ఆఁ, హలో. తీగ ఊడింది. ఛార్జింగ్ తక్కువుంది, కరెంటు డబ్బకాడ నిలవడి మాట్లాడుతున్న. ఇంటున్నవా?"

"ఇంటున్న" అంది యాడి. "చెప్పు. పప్పు సంగతి చెప్పు."

పైవి నాలుగూ వచ్చేశాయి. మిగతావాటికి ఢోకా లేదంది డాక్టరమ్మ. కానీ కింద మిగిలిన రెండూ ఏనాడో బీటలువారినవి, పైవి ఊడాక పట్టు తప్పి మోచేతి దాకా జారి, వాటంతట అవే చిట్లి ఊడిపడ్డాయి. గాజులున్నచోట చర్మం తెల్లగా, పసిపిల్లల చర్మంలా ఉంది. యాడి చేతిలో ఆ చోటును నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ యాడి చేతిని తన చేతిమీద ఆనించుకుని, బరువు వదిలెయ్యమని, వేళ్ళు చంక లోతుకు పోనిచ్చింది. పైన, వెనక, ముందు, పక్క. మెడ ఎముక పైన కూడా చూసింది. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను.

"ఏమీ తగలడం లేదు" అంది.

తర్వాత సన్నటి సూది తెచ్చింది. గడ్డను రెండు వేళ్ళతో పట్టి గుచ్చింది. సిరంజిలోకి పల్చటి ఆకుపచ్చ నీళ్ళు వచ్చాయి. వస్తున్నకొద్దీ ఆమె వేళ్ళ మధ్య గడ్డ తగ్గిపోయింది. చివరికి నా వేళ్ళు అక్కడ పెట్టించింది. ఏమీ లేదు.

"నీటి తిత్తి. రక్తం లేదు, గడ్డ పూర్తిగా పోయింది, చంక శుభ్రంగా ఉంది. స్కానింగ్ వాళ్ళు తెరిచాక ఒకసారి తీయిద్దాం, నెలన్నరకి మళ్ళీ రండి, నిండిందేమో చూస్తాను. కేన్సర్‌లా నాకు కనబడటం లేదు."

కుర్చీలో కూలబడి గట్టిగా ఏడ్చాను. యాడి నన్ను చూసి, అంతా అయిపోయిందనుకుని, "ఎన్ని రోజులు బతుకుతనంట?" అని అడిగింది. ఏడుస్తూనే తిట్టాను ఆమెను. ఆ తిట్టు విన్నాకే ఆమెకు ధైర్యం వచ్చింది.

తండాకు తిరిగి వెళ్తున్నప్పుడు యాడి కొంగు భుజాల మీదుగా లాక్కుని చేతులు దాచుకుంది. కానీ తండా మొదట్లో ఆటో దిగుతుంటే గాలికి కొంగు లేచింది. బోరింగు దగ్గర నీళ్ళు పడుతున్న పెద్దమ్మ ఆ బోసి చెయ్యి చూసింది. బిందె వదిలేసింది. పరుగున వచ్చి యాడి మెడ చుట్టూ చేతులేసి ఏడుపు ఎత్తుకుంది. మా వాళ్ళ ఏడుపులో మాటలుంటాయి, పోయినవాణ్ణి తలుచుకుంటూ రాగం తీస్తారు. ఒక్కొక్క ఇంటి నుంచీ ఆడవాళ్ళు వచ్చి ఆ రాగం అందుకున్నారు. భూపాలపల్లిలో బాపు పోయాడు, సంగతి తండాకు దాచి కూతురు తల్లిని ఇంటికి తెచ్చింది. వాళ్ళందరి లెక్క అదే.

యాడి మాట ఎవరికీ వినబడటం లేదు. నేను అరిచాను, అదీ వినబడలేదు. చివరికి బాపుకే ఫోన్ చేసి స్పీకరు పెట్టి పైకెత్తి పట్టుకున్నాను. తన కోసమే ఏడుస్తున్న ఏడుపు విని బాపు, "ఎవరు పోయిండ్రు?" అని కంగారుగా అడిగాడు. ఒక్కసారిగా నవ్వులు. ఏడ్చిన కళ్ళతోనే నవ్వారు, యాడిని కొట్టారు, నన్నూ కొట్టారు. మరి గాజులెందుకు తీయించావని అడిగితే యాడి అందరినీ దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. మొదటిసారి చెప్పడం. డాక్టరమ్మ ఎట్లా కూర్చోబెట్టింది, వేళ్ళు ఎట్లా తిప్పింది, ఆకుపచ్చ నీళ్ళెట్లా వచ్చాయి, అన్నీ. గర్వంగానే చెప్పింది. నా గుండె అప్పటికి కుదుటపడింది, బాగా ఆకలి వేస్తోందని అప్పుడే తెలిసింది.

పెద్దమ్మ నవ్వలేదు. వింటూ నిలబడింది. అందరూ కదిలాక నా కొంగు పట్టి, "లోపలికి రా" అని తన ఇంట్లోకి తీసుకుపోయి తలుపు వేసింది.

మొగుడు పోయినప్పటినుంచీ ఆమె కాంచళి మానేసి చీరా రవికా కడుతోంది. రవికకు ముందువైపే హుక్కులు, ఎవరి చెయ్యీ అక్కర్లేదు. రెండేళ్ళకు పైగా ఆమె వీపు వెనక ఎవరూ నిలబడలేదు. ఆమే హుక్కులు తీసింది. పసుపు అద్దిన గుడ్డ తొలగించింది.

కుడి రొమ్ము చర్మం బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా ఉంది. మొన లోపలికి పోయింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకోమన్నాను, నడుము మీద పెట్టి అదమమన్నాను. డాక్టరమ్మ చేయించినట్టే చేయించాను, ఇంకేం చెయ్యాలో తెలియక. రెండు వేళ్ళ మధ్య గడ్డను పట్టుకుని అటు జరపబోయాను. ఇటు జరపబోయాను. రాయిలాగా ఉన్నచోటే ఉంది. చంకలో కూడా తగిలాయి, ఒకటి కాదు.

పెద్దమ్మ నా మొహం వైపే చూస్తోంది. జనగామలో నేను డాక్టరమ్మ మొహం చూసినట్టే.

"మీ యాడిది గూడ గిట్లనే ఉండెనా?" అని అడిగింది.

"గిట్లనే ఉండె పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఊపిరి వదిలి, హుక్కులు పెట్టుకుంది. అయితే రేపే పోదామంది, చీర సంచి ఎక్కడుందో వెతకసాగింది.